పొడుగు జుట్టు రాజులు, పసుపు మూట

మా వాడు పుట్టినప్పుడు వాడిలో కంటికి ఆనింది జుట్టొక్కటే. నెలలు నిండకుండానే వచ్చేశాడు. దోహా ఆసుపత్రి గాజుపెట్టెలో, గొట్టాల మధ్య, రెండు చేతుల దోసిట్లో పట్టేంత ఒళ్ళు. ఆ ఒంటికి పొంతన లేకుండా నల్లగా, ఒత్తుగా, చెవుల మీదికి దిగిన జుట్టు. వాడి టోపీ సర్దుతూ కేరళ నర్సమ్మ, "బిడ్డ కన్నా జుట్టే బరువుంది మేడమ్" అని తనకొచ్చిన హిందీలో నన్ను నవ్వించాలని చూసింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఆ రోజు నాతో నవ్వుతూ మాట్లాడింది ఆవిడే.

గాజుకు చెయ్యి ఆనించి, దేవుడికి ఏమివ్వాలా అని వెతుక్కున్నాను. నా దగ్గరున్నవన్నీ ఆయన ఇచ్చినవే. వాడి దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదొక్కటి. "స్వామీ, వీణ్ణి నాకు ఉంచు. ఈ జుట్టు మీద కత్తెర పడనివ్వను. పుట్టు వెంట్రుకలు నీ కొండకే ఇస్తాను" అని మొక్కుకున్నాను.

ఆయన ఉంచాడు. ఆలస్యమంతా మా వైపునే జరిగింది.

మొదటి ఏడు ప్రయాణం వద్దన్నాడు డాక్టరు. మూడో ఏడు టికెట్లు కొన్నాక విమానాలే ఆగిపోయాయి, లోకమంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇళ్ళలో కూర్చుంది. ఆ తరువాత ప్రపంచకప్పు పనులు. మా వారు లుసైల్‌లో ఇంజనీరు. అక్కడ నేను చూస్తుండగానే ఇసకలోంచి ఒక ఊరు లేచింది. ఆటలు అయ్యేదాకా సెలవు మాట ఎత్తొద్దని పైవాళ్ళు చెప్పేశారు. ఇటు మా అత్తగారు ఫోనులో కనబడినప్పుడల్లా ఒకటే మాట.

"అయిదో ఏడు దాటనివ్వకమ్మాయ్. బేసి ఏడులోనే తీయించాలి. ఇది దాటితే మళ్ళీ ఏడో ఏడే. అప్పటికి వాడు జడ వేసుకుని బడికెళతాడు."

"ఇప్పుడే వేస్తున్నానండీ అత్తయ్యా" అనేదాన్ని.

నిజంగానే రోజూ పొద్దున కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, వెనక్కి దువ్వి ముడి వేసేదాన్ని. వాడు కదలకుండా కూర్చుంటే ఒక ద్రాక్షపండు. వాడికి నాలుగు నిండేసరికి ఆ జుట్టు వీపు మీదికి వచ్చింది.

ఒకరోజు లిఫ్టులో మా ఎదురింటి ఈజిప్టు ఆవిడ వాడి బుగ్గ నిమిరి, "యా బింత్, యా హల్వా" అంది. బింత్ అంటే ఆడపిల్ల. ముద్దుగానే అంది, పాపం, ఆవిడకేం తెలుసు. ఇంట్లోకి రాగానే వాడు చెప్పులు కూడా విడవకుండా నిలబడ్డాడు.

"అమ్మా, నేను బింతా?"

"కాదు నాన్నా."

"మరి జుట్టెందుకు?"

మొక్కు సంగతి వాడికి ఎన్నోసార్లు చెప్పాను. అది వాడికి చాల్లేదని వాడి పెదవి చూస్తేనే తెలిసిపోయింది. అప్పుడు నా నోటివెంట వచ్చిన మాట నేను ముందు అనుకున్నది కాదు.

"నువ్వు ఫ్రాంకు రాజువి. అందుకని."

ఈ ఫ్రాంకు రాజులు నాకెలా తెలుసో చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే సుద్దముక్కల పొడికి ఊపిరాడక ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంట్లో దింపేవారు. చివరికి మా తాతయ్యే ఇంట్లో పలక పట్టించాడు. ఆయన దగ్గర పురాణాలు, పంచాంగాలు కాక ఉన్నది ఒకటే పుస్తకం, అట్టలు ఊడిపోయిన లావుపాటి ప్రపంచ చరిత్ర. ముందు పేజీలు ఏ ఎలుక తిందో, పుస్తకం రోమ్ పడిపోవడంతోనే మొదలయ్యేది. అందుకని లోకమే రోమ్ పడిపోవడంతో మొదలైందని నేను చాలాకాలం అనుకున్నాను. రోమ్ మీదికి వచ్చిన గోత్ రాజులు, రోమ్ పోయాక మిగిలిన నేలను పంచుకున్న ఫ్రాంకు రాజులు, వీళ్ళే నాకు తెలిసిన మొదటి పరాయివాళ్ళు. వాళ్ళ పేర్లు తాతయ్య నోటికీ తిరగలేదు, నాకూ తిరగవు. నది కింద పడుకున్న రాజు, గడ్డం రాజు, మనవలను పోగొట్టుకున్న రాణి అని మేమే పేర్లు పెట్టుకున్నాం. ఇప్పటికీ నాకు వాళ్ళు అలాగే తెలుసు. బడికి పోలేనిదానికి అంత దూరపు మనుషులను ఇంటికి తెచ్చి చూపించిన ఆ ముసలాయనకు రోజూ దీపం దగ్గర ఒక దండం పెట్టుకుంటాను.

ఫ్రాంకు రాజవంశంలో పుట్టిన మగపిల్లల తల మీద పుట్టుక నుంచీ కత్తెర పెట్టరు. నడుమ పాపిట తీసి జుట్టు భుజాల మీదికి వదులుతారు. మామూలు జనం కత్తిరించుకోవలసిందే. ఆ జుట్టు రాజుకొక్కడికే. రాజును దించాలంటే చంపనక్కరలేదు, జుట్టు కత్తిరించి మఠంలో కూర్చోబెడితే సరి. ఇదంతా వాడికి చెప్పాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ సాయంత్రం ముడి విప్పమని, జుట్టు భుజాల మీదికి లాక్కుని, సోఫా ఎక్కి కూర్చున్నాడు.

మళ్ళీ లిఫ్టులో ఆవిడ కనబడినప్పుడు వాడు వేలెత్తి చెప్పాడు. "నో బింత్. అనా మలిక్." నేను రాజును అని. ఆ అరబ్బీ ముక్క వాడికి ఎవరు నేర్పారో ఆ రాజులకే తెలియాలి. ఆవిడ పగలబడి నవ్వి, సంచులు కింద పెట్టి, గుండెల మీద చెయ్యి వేసుకుని తల వంచింది. "అఫ్వన్, యా మలిక్!" మన్నించండి రాజా అని. ఆనాటి నుంచి ఎప్పుడు కనబడినా అదే మర్యాద.

శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో చిన్న భజన జరిగేది. గుడి లేని ఊళ్ళో వంటింటి అలమారలోనే మా గుడి. తలుపులు తీస్తే దేవుడు, మూస్తే పప్పుల డబ్బాల పక్కన అలమార. కొన్ని కుటుంబాలు, బర్వా అల్ బరాహా క్యాంపు నుంచి నలుగురైదుగురు పనివాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో జగిత్యాల దగ్గరి పల్లెవాడు ఒకతను, మా వారి సైట్లోనే కాంక్రీటుకు అచ్చులు బిగించే షట్టరింగ్ పని. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. అందరూ వెళ్ళాక కూడా అతను మా వాడితో కాసేపు ఆడి చివరి బస్సుకు పోయేవాడు. వాళ్ళమ్మకు ఖతర్ అంటే తెలియదట. "మా అవ్వ ఎవలడిగినా 'నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు' అంటది. నేను ఖతర్ అంటే, 'గది దుబాయ్‌ల ఏ పక్కకుంటది బిడ్డా' అంటది అక్కా" అని నవ్వేవాడు.

అతను పులిహోర తింటుండగా ఒక శుక్రవారం మా వాడు నది రాజు కథ చెప్పమన్నాడు. రోమ్‌ను దోచిన గోత్ రాజు ఇటలీ దక్షిణాన జబ్బుపడి పోయాడు. అతని మనుషులు ఒక నదిని పక్కకు మళ్ళించి, అడుగున గొయ్యి తవ్వి, నిధులతో సహా అతన్ని పూడ్చి, నీళ్ళు మళ్ళీ వదిలారు.

తమ్ముడు చేతిలో ముద్ద ఆపేశాడు. "నీళ్లు మలిపిండ్రా? మా సైట్ల గూడ గదే పనక్కా. సముద్రం పక్కన తవ్వుతుంటే ఊకె ఊరుతనే ఉంటయి. పంపులు పెట్టి తోడుతనే ఉండాలె." నా వైపు తిరిగాడు. "మరి తవ్వినోళ్లు ఏమైండ్రు?"

తాతయ్య దగ్గర నేనెప్పుడూ అడగని ప్రశ్న అది. సమాధానం మాత్రం పుస్తకంలో ఉంది. పిల్లవాడికి చెప్పేటప్పుడు దాటేసేదాన్ని. వాడు ఆవకాయ సీసా కోసం వెళ్ళాడని చూసుకుని, మెల్లగా చెప్పాను. "చోటు ఎవరికీ తెలియకూడదని వాళ్ళను చంపేశారట."

"గట్లనా." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "మా కంపెనీయే నయం గదక్కా! పని అయిపోంగనే టికెట్ కొనిచ్చి ఇంటికి తోలుతది."

అతను నవ్వాడు. మా వారు నవ్వలేదు.

ఆ మాట నిజం కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆటలు దగ్గర పడ్డాయి, రోడ్ల పక్కన జెండాలు లేచాయి, క్రేన్లు ఒక్కొక్కటే దిగిపోసాగాయి. ఒక శుక్రవారం భజన అయ్యాక అతను చెప్పాడు, వాళ్ళ గుంపును పంపించేస్తున్నారని. మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు.

"నేను పోయినంక కొండకు పోతనక్కా, నాక్కూడ మొక్కున్నది. అల్లుని ఎంట్రుకలు ఈడనే తీసి మూటగట్టి ఇయ్యిండ్రి. నేను ఇచ్చస్త" అన్నాడు.

మా అత్తగారిని అడిగితే ఆవిడకూ సమ్మతమే. పసుపు గుడ్డలో ముడుపు కట్టి పంపితే స్వామికి చెల్లుతుంది, తరువాత వీలైనప్పుడు పిల్లవాడిని తీసుకెళ్ళి చూపించవచ్చు. అయిదో ఏడు దాటకుండా దారి దొరికింది. నా సంతోషం చెప్పలేను. వెంటనే వాడి దగ్గరికి వెళ్ళి, "వచ్చే శుక్రవారం నీ జుట్టు దేవుడికి ఇచ్చేద్దామా" అన్నాను.

వాడు తల మీద తువ్వాలు చుట్టుకుని వాషింగ్ మెషీన్ వెనకాల దూరాడు.

"కట్ చేస్తే నేను కింగ్ కాదు! నువ్వే చెప్పావు!"

అవును, నేనే చెప్పాను. లడ్డూ పెడతానన్నాను, కొత్త బంతి అన్నాను. ఒక్కటీ వాషింగ్ మెషీన్ వెనక్కి చేరలేదు.

మా వారు తలుపుకు ఆనుకుని చూస్తున్నారు. "ఏడిస్తే ఏడుస్తాడు. అందరూ ఏడుస్తూనే గుండు చేయించుకుంటారు. నేనూ ఏడ్చానట, అమ్మ చెబుతుంది."

"మీకప్పుడు ఏడాదండీ. వీడికి మాటలొచ్చాయి."

"మాటలేనా? నీ పుణ్యమా అని సింహాసనం కూడా వచ్చింది. నేను ఫ్రాంకుల ఇంటి అల్లుణ్ణయ్యానని నాకెవరూ చెప్పలేదే."

నవ్వాను. కానీ చేతులు పట్టుకుని, కాళ్ళు పట్టుకుని జుట్టు తీయడం నా పుస్తకంలో ఓడిపోయిన రాజుల కథ. అలా లాక్కున్నది మొక్కు ఎలా అవుతుంది? గాజుపెట్టె దగ్గర నేను ఇస్తానన్నది నాది కాదు, వాడిది. వాడు అప్పుడు ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాడు. వంటింటి అలమార తలుపు తీసి, "స్వామీ, మాటిచ్చింది నేను, వస్తువు వాడిది. వాడి చేత నువ్వే ఇప్పించుకో" అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున జుట్టు దువ్వుతూ, తాతయ్య నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించే కథ మొదలుపెట్టాను.

ఒక ఫ్రాంకు రాణి ఉండేది. కొడుకు యుద్ధంలో పోతే ముగ్గురు మనవలను తానే పెంచింది. ముగ్గురికీ పొడుగు జుట్టు. పిల్లలు పెద్దవాళ్ళయితే రాజ్యం అడుగుతారని వాళ్ళ బాబాయిలకు భయం. ఇద్దరు పిల్లలను తమ దగ్గర పెట్టుకుని, రాణి దగ్గరికి ఒక మనిషిని పంపారు. అతని ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో కత్తి. ఏది కావాలో చెప్పమన్నారు.

"కత్తెరే చెప్పాలిగా!" అన్నాడు మా వాడు చప్పున.

నా చెయ్యి దువ్వెన మీద ఆగింది. "ఆ నాయనమ్మ దుఃఖంలో ఉంది నాన్నా. జుట్టు పోయి బతకడం కన్నా పోవడమే నయం అని నోరు జారింది. ఆ ఇద్దరూ పోయారు."

వాడి వీపు నా మోకాళ్ళకు ఆని ఉంది. వాడి ఊపిరి తెలుస్తోంది.

"మూడోవాడు?"

"మూడోవాడిని మంచివాళ్ళు దాచారు. వాడు పెద్దయ్యాక, తన జుట్టు తన చేత్తోనే కత్తిరించుకుని దేవుడికి ఇచ్చేశాడు."

"ఎవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"అప్పుడింక కింగ్ కాదుగా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కాదు. దేవుడి దగ్గర ఉండిపోయాడు. అతని దగ్గర లాక్కోవడానికి ఎవరికీ ఏమీ లేకుండా పోయింది. తనే ఇచ్చేశాడుగా."

వాడు ద్రాక్షపండు తీసుకుని వెళ్ళిపోయాడు. కథ పని చేయలేదనుకున్నాను. ఆ వారమంతా ఆ ఊసెత్తలేదు. గురువారం పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో అడిగాడు.

"అమ్మా, కత్తెర నేను పట్టుకోవచ్చా?"

పట్టుకోవచ్చు అన్నాను. తరువాత గుర్తొచ్చింది, పట్టుకోవలసింది మేనమామ కదా. మా వైపు పుట్టు వెంట్రుకలకు మేనమామ పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాకే మంగలి చెయ్యి పడాలి. నాకు అన్నదమ్ములు లేరు. మా వారు ఆఫీసులో ఎవరినైనా పిలుద్దామన్నారు. నాకు గడ్డం రాజు గుర్తొచ్చాడు. గోత్ రాజూ ఫ్రాంకు రాజూ చుట్టరికం కలుపుకోవాలనుకున్నప్పుడు గోత్ రాజు వచ్చి ఫ్రాంకు రాజు గడ్డం తాకాడట, అంతటితో తండ్రి వరుస అయ్యాడట. ఆ జనంలో పిల్లవాడి జుట్టు మొదట కత్తిరించినవాడూ అంతే, రక్తం లేకపోయినా బంధువే. మా తాతయ్య ఆ పేజీ దగ్గర, "చూశావా, వీళ్ళకూ మనలాగే" అని మురిసిపోయేవాడు.

తమ్ముడికి ఫోను చేశాను. బస్సులో ఉన్నాడు, డ్యూటీ నుంచి క్యాంపుకు పోతున్నాడు. మా వాడికి మేనమామవి నువ్వే కావాలన్నాను.

"అక్కా, నీకు ఎరుకేనా? నేను మంగలోన్ని. శుక్రారం పూట క్యాంపుల అందరికి కటింగ్ జేసేది నేనే. మా తాత, మా నాయిన గిసోంటి పనులకు కత్తి వట్టినోళ్లే. మామ పీట మీద కూసుంటడు, మేం ఎదురుంగ కింద కూసుంటం. రేపు గుండు జెయ్యమంటవనుకున్న. నన్ను పీట మీద కూసొమ్మంటున్నవా?"

"అవును తమ్ముడూ. పీట మీదే."

"మా అవ్వకు చెప్త" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. మేనమామ బట్టలు పెట్టాలి కదా, మర్చిపోలేదు. క్యాంపు దగ్గరి దుకాణంలో కొన్న ముదురు ఎరుపు బనీను, తెల్ల నిక్కరు, ఊరంతా అప్పుడు వేసుకు తిరుగుతున్న ఖతర్ జెండా రంగులే. మా వారు అతనికి పంచెల చాపు పెట్టారు. తూర్పు కిటికీ ముందు పీట వేశాం. కత్తెరకు పసుపు రాసి బొట్టు పెట్టాను. అతను పీట మీద కూర్చుని మా వాడిని ఒళ్ళోకి తీసుకున్నాడు. కత్తెర పట్టుకుని పెరిగినవాడే, అయినా దాన్ని కళ్ళకద్దుకుని పట్టుకున్నాడు.

మా వాడు వెనక్కి తిరిగి అడిగాడు. "మామా, నువ్వు కింగ్‌వా?"

"నేనా? షట్టరింగ్ కింగ్‌ను అల్లుడా."

"కత్తెర నాది."

"నీదే. నా చెయ్యి గూడ జర మీద పెట్టనియ్యి మరి."

వాడి చిన్న వేళ్ళు కత్తెరలో, వాటి మీద అతని మొరటు వేళ్ళు. నేను పసుపు గుడ్డ పరిచి ముందు మోకరిల్లాను. మొదటి పాయ గుడ్డలో పడింది. నూనె వాసన వేసింది, రోజూ పొద్దున వేసే వాసనే. గాజు అవతల చూసిన ఆ జుట్టు చివరలు అందులోనే ఉన్నాయి. వాడు వంగి గుడ్డలోకి చూశాడు. "ఇచ్చేశాను" అన్నాడు, నాతో కాదు, అలమార వైపు తిరిగి.

మూడు పాయలయ్యాక తమ్ముడు లేచి, మా వాడిని పీట మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా కింద కూర్చున్నాడు. "మామ పనైపోయింది. గిప్పుడు నా పని నేను జేస్త." సంచిలోంచి తన కత్తి తీశాడు. ఒక్క గాటు లేదు. గంధం పూశాక మా వాడి తల వెన్నముద్దలా తేలింది.

ఏడవలేదు. అద్దంలో చూసుకున్నాక మాత్రం రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. తమ్ముడిని బస్సు దాకా పంపడానికి లిఫ్టులో దిగుతున్నాం, పసుపు మూట అతని చొక్కా జేబులో. కింద తలుపు తెరుచుకునేసరికి ఎదురింటావిడ సంచులతో నిలబడి ఉంది. మా వాడు నా చీర చాటుకు పోయాడు. ఆవిడ గుండు చూసింది, గంధం చూసింది, మా ముఖాలు చూసింది. ఏమనుకుందో ఏమో, సంచులు కింద పెట్టి, గుండెల మీద చెయ్యి వేసుకుని ఎప్పటిలాగే తల వంచింది.

"యా మలిక్."

వాడు మెల్లగా బయటికి వచ్చాడు.

ఆటలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తమ్ముడి వీడియో ఫోను వచ్చింది. వెనకాల కొండ, జనం, కొబ్బరికాయల కొట్టు. అతని తల నున్నగా మెరుస్తోంది.

"అల్లుడా, నీయి దేవునికి ముట్టినయి. నీయి ఒక్కటే ఇస్తె బాగుండదని నాయి గూడ ఇచ్చిన."

పక్కనుంచి ఎవరో ముసలామె తెరలోకి తల పెట్టింది. "గీడేనా నీ అల్లుడు? దుబాయ్ పిలగాడు?"

మా వాడికి అప్పటికే వేలికి తగిలేంత జుట్టు వచ్చింది. ఫోను నా చేతిలోంచి లాక్కుని, తన నడినెత్తి మీద బోర్లించి పట్టుకున్నాడు, మామ బాగా చూడాలని. అటునుంచి నవ్వు వినబడింది. "మస్తుగ అచ్చినయిరా!" నేను దేవుడి అలమార తలుపు తెరిచాను.